పంట పేరు రాయని ఖర్చు ఎక్కడికి పోతుంది? ఎక్సెల్ పద్దులో ఖాళీ గడుల లెక్క

పై వీడియోలో నా పద్దు షీటు చూపించాను. అందులో నేను చేసిన పొరపాటు ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

నాకు రెండెకరాల వరి, ఎకరం వేరుశనగ. షీటులో బి కాలమ్‌లో పంట పేరు, డి కాలమ్‌లో ఖర్చు రాస్తాను. సమ్‌ఇఫ్ ఫార్ములాతో పంటవారీగా కూడితే వరికి 18,500, వేరుశనగకి 11,300 వచ్చింది. కాయ అమ్మితే 13,500 చేతికొచ్చింది. 2,200 మిగిలాయని సంబరపడి, వచ్చే పంటకి రెండెకరాలు వేద్దామని ఇంట్లో చెప్పేశాను కూడా.

తీరా డి కాలమ్ మొత్తం కూడితే 38,000! మరి 8,200 ఏమైనట్టు? పంట పేరు రాయని వరుసల్లో ఉండిపోయాయి. పేరు అడిగితే సమ్‌ఇఫ్ ఆ పేరున్న వరుసలే కూడుతుంది, ఖాళీవి వదిలేస్తుంది. తప్పని కూడా చెప్పదు.

ఖాళీ వరుసల మొత్తం కావాలంటే ఇలా రాయాలి (టైప్ చేసేది ఇంగ్లీషు అక్షరాల్లోనే):

=సమ్‌ఇఫ్(బి2:బి60,"",డి2:డి60)

రెండు జాగ్రత్తలు. ఒకటి, "" అని నేరుగా రాయండి. దాని బదులు ఖాళీ గడిని చూపిస్తే ఎక్సెల్ దాన్ని సున్నా అనుకుంటుంది, లెక్క రాదు. రెండోది, ఖాళీగా కనిపించే గడిలో ఒక్కోసారి స్పేస్ ఉంటుంది. అది ఈ లెక్కలోకి రాదు. అలాంటి గడిలోకి వెళ్లి డిలీట్ కొట్టండి.

ఇక ఖాళీల్లో ఏం రాయాలి? తోచిన పంట పేరు మాత్రం రాయకండి. నా ఖాళీల్లో 6,000 జీవామృతానికి కొన్న బెల్లం, శనగపిండి, డ్రమ్ములవి. అవి అన్ని పంటలకీ కాబట్టి "ఉమ్మడి" అని రాసి, ఎకరాల లెక్కన వరికి 4,000, వేరుశనగకి 2,000 పంచాను. 1,400 వేరుశనగ కలుపు కూలీ అని చీటీ దొరికింది. మిగతా 800కి ఆధారం లేదు, "తెలియదు" అని రాశాను.

ఇప్పుడు వరి 22,500, వేరుశనగ 14,700, తెలియదు 800. కూడితే సరిగ్గా 38,000. అంటే వేరుశనగలో నాకు మిగిలింది లేదు, 1,200 పోయింది! రెండెకరాల మాట వెనక్కి తీసుకున్నాను.

మీరూ ఈ రోజే పంటల మొత్తాలన్నీ కూడి, అసలు మొత్తంతో పోల్చి చూడండి. తేడా వస్తే ముందు ఖాళీ గడులు వెతకండి. ఫార్ములా టైప్ చేయడం వీడియోలో నెమ్మదిగా చూపించాను, పక్కన షీటు పెట్టుకుని చూడండి.