వాహనానికీ రోగనిర్ణయం

రోగమెరుగక ఔషధమీయరాదు. కాలుష్య పరీక్షలో నెగ్గని వాహనానికీ ఈ సూత్రమే వర్తిస్తుంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళి ననుసరించి పెట్రోలు వాహనపు పొగలో కార్బన్ మోనాక్సైడు, హైడ్రోకార్బన్ల పరిమాణాలను కొలుస్తారు. మొదటిది అధికమైతే ఇంధనానికి తగినంత గాలి అందడం లేదని గ్రహించాలి. ఎయిర్ ఫిల్టరును శుభ్రపరచాలి, పాత వాహనమైతే కార్బ్యురేటరును సరిచేయించాలి. రెండవది అధికమైతే ఇంధనం కొంత మండకుండానే వెలువడుతున్నదన్నమాట. ముందుగా స్పార్క్ ప్లగ్గును చూడాలి. నీలిపొగ వెలువడితే ఇంజన్ ఆయిల్ మండుతున్నట్లు; అరిగిన పిస్టన్ రింగులు అందుకు కారణం కావచ్చు. మరమ్మతు ముగిశాక, ఇంజన్ వేడెక్కిన పిదపనే మరల పరీక్ష చేయించాలి. కార్బన్ మోనాక్సైడు రక్తంలోని హిమోగ్లోబిన్‌తో కలిసి ప్రాణవాయువు ప్రసారాన్ని అడ్డగిస్తుంది. కనుక కాలుష్య నియంత్రణ ధ్రువపత్రం తోటివారి ఊపిరికి రక్షాపత్రం.

ప్రశ్న: కార్బన్ మోనాక్సైడు, హైడ్రోకార్బన్లు అధికమగుటకు గల కారణాలను వేర్వేరుగా వివరించండి.