వడపోతలో మైక్రాన్ల లెక్క



తెలుగులో నారి కురుపు, మరాఠీలో నారూ అని పిలిచే వ్యాధి ఒకప్పుడు మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశ్ పల్లెలను పీడించింది. దిగుడు బావుల నీటిలో ఉండే సైక్లాప్స్ అనే చిన్న జీవి ద్వారా ఇది సోకేది. దీనికి టీకా లేదు. తాగే నీటిని గుడ్డతో వడకట్టడం, దిగుడు బావులను మార్చడం వంటి జాగ్రత్తలతోనే దీనిని తరిమివేశారు. మన దేశంలో చివరి కేసు 1996లో నమోదైంది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్‌ను ఈ వ్యాధి లేని దేశంగా ధ్రువీకరించింది.

మరి అదే గుడ్డ కలరాను పూర్తిగా ఎందుకు ఆపలేదు? జవాబు కణం పరిమాణంలో ఉంది.

మైక్రాన్ అంటే ఏమిటి?

మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. సైక్లాప్స్ సుమారు 1000 మైక్రాన్లు ఉంటుంది కనుక గుడ్డకు చిక్కుతుంది. మామూలు కంటికి సుమారు 40 మైక్రాన్ల వరకే కనబడుతుంది. కలరా క్రిమి వెడల్పు ఒక మైక్రాన్ కంటే తక్కువ. నీటిలో విడిగా తిరిగే ఇటువంటి క్రిములు గుడ్డ సందుల్లోంచి సులువుగా జారిపోతాయి. అంటే తేటగా కనబడే నీరంతా శుభ్రమైనది కాదు.

ఎలా కొలుస్తారు?

కణాలన్నీ గోళీల్లా గుండ్రంగా ఉండవు. అందుచేత కణం నీడకు సమానమైన విస్తీర్ణం గల వృత్తాన్ని ఊహించి, దాని వ్యాసాన్ని పరిమాణంగా తీసుకుంటారు. ద్రవాన్ని సన్నని కాంతి పుంజం గుండా పంపితే, కాంతికి అడ్డుపడే ప్రతి కణాన్నీ యంత్రం లెక్కిస్తుంది.

బీటా నిష్పత్తి

ఫిల్టరుకు ముందున్న కణాల సంఖ్యను తరువాత మిగిలిన సంఖ్యతో భాగిస్తే బీటా వస్తుంది. ట్రాక్టరు వంటి యంత్రాల హైడ్రాలిక్ నూనె ఫిల్టర్లను ఐ.ఎస్.ఓ. 16889 ప్రమాణం ప్రకారం ఇలాగే పరీక్షిస్తారు.

ఉదాహరణ: 10 మైక్రాన్లు, అంతకు మించిన కణాలు ముందు 5000 ఉన్నాయనుకుందాం.
మొదటి ఫిల్టరు తరువాత మిగిలినవి 100. బీటా 50. ఆగినవి 98 శాతం.
రెండవ ఫిల్టరు తరువాత మిగిలినవి 2500. బీటా 2. ఆగినవి 50 శాతమే.

రెండింటి మీదా "10 మైక్రాన్లు" అనే ముద్రించి ఉండవచ్చు!

తల్లిదండ్రులకు

ఫిల్టరు కొనేటప్పుడు "ఎన్ని మైక్రాన్లు?" అని మాత్రమే కాక "ఆ సైజువి ఎంత శాతం ఆగుతాయి?" అని కూడా అడగండి. గుడ్డతో వడకట్టిన నీటిని మరిగించాకే పిల్లలకు తాగించండి.

అభ్యాసం: బీటా 200 అయితే ఎంత శాతం కణాలు ఆగినట్లు? (జవాబు: 99.5)