శునక దత్తత

మన సాహిత్యంలో శునకానికి దక్కిన గౌరవం స్వల్పమే. శతకకవులు దానిని నీచబుద్ధికి గుర్తుగా నిలిపారు. జనుల తిట్లలోనూ దాని పేరు తరచుగా వినబడుతుంది. మహాప్రస్థానిక పర్వంలో మాత్రం కథ మరొక విధంగా నడిచింది. ద్రౌపది, తమ్ములు ఒక్కొక్కరుగా నేలకొరిగిన పిమ్మట ధర్మరాజు వెంట మిగిలినది ఒక కుక్క మాత్రమే. దానిని విడిచి రథమెక్కుమని ఇంద్రుడు కోరగా, ఆశ్రయించిన ప్రాణిని విడిచి పొందే స్వర్గం తనకు అక్కరలేదని ఆయన నిరాకరించాడు. అది ధర్మదేవత అని అప్పటికి ఆయనకు తెలియదు. సామాన్యమైన కుక్క అనుకొనే అంతమాట అన్నాడు!

నేడు అటువంటి ఆశ్రితులు జంతు సంరక్షణ కేంద్రాలలో కనబడతాయి. చెన్నైలో కెప్టెన్ వి. సుందరం 1959లో, హైదరాబాదులో సినీనటి అక్కినేని అమల 1992లో బ్లూక్రాస్ సంస్థలకు అంకురార్పణ చేశారు. వాహనాల కింద పడి కాలు విరిగినవి, తల్లిని కోల్పోయిన పిల్లలు, యజమానులు ఇల్లు మారుతూ వదలివేసినవి ఇటువంటి కేంద్రాలకు చేరుతుంటాయి. చికిత్స చేసి, టీకాలు వేసి వాటిని దత్తతకు ఇస్తారు.

వచ్చినవారిలో పలువురి చూపు జాతికుక్కల మీదనే ఉంటుంది. ఊరకుక్కను దాటిపోతారు. ఇది విచారకరం. తరతరాలుగా మన ఎండలకు అలవాటుపడిన ప్రాణి అది. మంచుదేశాలకు తగిన దట్టమైన బొచ్చుతో పుట్టిన హస్కీ రోహిణి కార్తెలో పడే అవస్థ చూసినవారికి ఈ తేడా వేరుగా చెప్పనక్కరలేదు.

అయితే జాలి ఒక్కటే దత్తతకు చాలదు. కుక్క సుమారు పది నుండి పదిహేనేళ్ళు జీవిస్తుంది. నేడు ఇంటర్మీడియట్ విద్యార్థి ముచ్చటపడి తెచ్చుకున్న పిల్ల, అతడు ఉద్యోగంలో స్థిరపడే నాటికి కూడా ఇంటనే ఉంటుంది. అతడు హాస్టలుకు వెళితే దానికి అన్నం పెట్టేదెవరు? ఇంటిల్లిపాది సమ్మతి లేని దత్తత తరచుగా వీధిలోనే ముగుస్తుంది. ఆకలిదప్పులకు గురయ్యేలా పెంపుడు జంతువును అకారణంగా వదలివేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. కాని మొదటిసారి విధించే జరిమానా పది నుండి యాభై రూపాయలే! ఢిల్లీ వీధికుక్కల వ్యాజ్యంలో 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు దత్తతకు అవకాశమిస్తూ, ఆ కుక్క తిరిగి వీధికి రాకుండా చూసే బాధ్యతను దత్తత తీసుకున్నవారిపైనే ఉంచింది.

కొత్త ఇంటికి వచ్చిన కుక్క మొదటి రోజులలో మంచం కిందికో, తలుపు చాటుకో చేరి అన్నం ముట్టకపోవచ్చు. దానిని బలవంతంగా బయటకు లాగరాదు. నీళ్ళగిన్నె దగ్గరగా ఉంచి, నెమ్మదైన ఒక మూలను దానికి విడిచిపెట్టాలి. చాక్లెట్, ఉల్లి, ద్రాక్ష దానికి హానికరం కనుక పిల్లలను ముందే హెచ్చరించాలి. పశువైద్యుడు చెప్పిన గడువుకు రేబిస్ టీకా మళ్ళీ వేయించాలి. పిలిస్తే రాని కుక్క కొన్నాళ్ళకు పిలవకుండానే వస్తుంది.