స్వయం ఉపాధికి తొలి అడుగు

పాఠ్యభాగ ఉద్దేశం
నేర్చిన విద్యనే జీవనాధారంగా చేసుకొని స్వతంత్రంగా బ్రతకదలచిన యువతీయువకులు పన్ను చట్టం కల్పించే హక్కులను, విధించే బాధ్యతలను తెలుసుకోవాలి. ఆ అవగాహన కలిగించడమే ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

విశాఖపట్నం శ్రమజీవుల నగరం. 1933లో ఇక్కడ ఓడరేవు ప్రారంభమైంది. 1941లో సింధియా నౌకానిర్మాణ కేంద్రానికి పునాది పడింది. "విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు" అంటూ తెలుగువారు సాగించిన ఉద్యమ ఫలితంగా 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. 1992లో దానిని జాతికి అంకితం చేశారు. ఇటువంటి సంస్థలలో ఉద్యోగం సంపాదించడమే ఇక్కడి ఎన్నో కుటుంబాలకు జీవితాశయమైంది. "ఉద్యోగం పురుషలక్షణం" అని మన పెద్దలు అంటారు. నిజానికి సంస్కృతంలో 'ఉద్యోగం' అంటే ప్రయత్నం. కాలక్రమంలో ఆ మాట నెలజీతానికి మారుపేరైంది.

అయితే ఓడరేవును, కర్మాగారాన్ని నమ్ముకొన్నవారిలో జీతగాళ్లే కాక స్వతంత్రులూ ఉన్నారు. ఓడ సరుకును పరీక్షించే సర్వేయర్లు, యంత్రభాగాల నమూనాలు గీసే ఇంజనీర్లు, చిన్న వ్యాపారుల లెక్కలు రాసేవారు, కంప్యూటరు ముందు కూర్చొని దూరదేశాల సంస్థలకు పనిచేసి పెట్టేవారు ఇట్టివారే. వీరినే నేడు ఫ్రీలాన్సర్లు అంటున్నారు. వీరికి యజమాని ఉండడు. కనుక వీరి పన్ను లెక్కలు చూసిపెట్టే కార్యాలయమూ ఉండదు. ఆ బాధ్యత వారిదే.

ఒక ఉదాహరణ చూద్దాం. గాజువాకలో ఉండే ఒక యువ ఇంజనీరు సొంతంగా పని ప్రారంభించాడనుకొందాం. ఒక కంపెనీ అతని చేత నమూనాలు గీయించుకొని సంవత్సరంలో 80,000 రూపాయల రుసుము ఇవ్వవలసి వచ్చింది. వృత్తి నిపుణునికి ఒక సంస్థ సంవత్సరంలో చెల్లించే రుసుము 50,000 రూపాయలు దాటితే, నూటికి పది చొప్పున పన్ను మినహాయించి ప్రభుత్వానికి జమచేయాలి. ఈ పరిమితి 2025 ఏప్రిల్ నుండి అమలులోకి వచ్చింది. ఆ లెక్కన అతనికి 8,000 రూపాయలు తగ్గి, 72,000 చేతికి వస్తాయి. కాని అతడు తన పాన్ సంఖ్యను తెలుపకపోతే నూటికి ఇరవై చొప్పున 16,000 రూపాయలు కోతపడతాయి. అంతేకాదు, ఆ సొమ్ము అతని పేరిట నమోదు కాదు. రాత్రింబవళ్లు శ్రమించి సంపాదించినది కేవలం తెలియనితనం వల్ల చేజారిపోతుంది.

పాన్ ఉన్నవానికి కోతపడిన సొమ్ము పోయినట్లు కాదు. ఆ ఇంజనీరుకు అందరి నుండి వచ్చిన రాబడి సంవత్సరానికి 6 లక్షల రూపాయలు అనుకొందాం. ఇంజనీర్లు, వైద్యులు, న్యాయవాదుల వంటి కొన్ని వృత్తులవారు నిర్ణీత పరిమితి లోపల రాబడిలో సగాన్ని ఆదాయంగా చూపి పన్ను లెక్కించుకొనే వెసులుబాటు ఉంది. అలా అతని ఆదాయం 3 లక్షలవుతుంది. 2025-26 నుండి కొత్త పన్ను విధానంలో 4 లక్షల వరకు పన్ను లేదు. అందువల్ల అతడు గడువులోగా రిటర్ను దాఖలు చేస్తే, ముందుగా మినహాయించిన సొమ్మంతా తిరిగి అతని బ్యాంకు ఖాతాకు చేరుతుంది. రిటర్ను అంటే పన్ను కట్టడమే కాదు; రావలసినదాన్ని అడిగి తీసుకోవడం కూడా.

పాన్ అంటే శాశ్వత ఖాతా సంఖ్య. దీనిలో పది స్థానాలు ఉంటాయి: ఐదు ఆంగ్ల అక్షరాలు, నాలుగు అంకెలు, చివర మరొక అక్షరం. నాలుగవ అక్షరం 'పి' అయితే వ్యక్తి, 'సి' అయితే కంపెనీ, 'ఎఫ్' అయితే భాగస్వామ్య సంస్థ. వ్యక్తుల విషయంలో ఐదవది ఇంటిపేరులోని మొదటి అక్షరం. చివరి అక్షరం సంఖ్యలో పొరపాటు దొర్లితే పట్టియిచ్చేది.

ఇక్కడే తెలుగువారికి ఒక చిక్కు ఉంది. మనం ఇంటిపేరును పేరుకు ముందు ఒక పొడి అక్షరంగా రాసుకొంటాం. పాన్ దరఖాస్తులో ఇంటిపేరు గడిలో పొడి అక్షరం చెల్లదు, పూర్తిగా రాయాలి. పదవ తరగతి ధ్రువపత్రంలో ఒక విధంగా, ఆధార్‌లో మరొక విధంగా, బ్యాంకు ఖాతాలో ఇంకొక విధంగా పేరు ఉంటే పని నిలిచిపోతుంది. కనుక విద్యార్థి దశలోనే అన్ని పత్రాలలో పేరు, పుట్టిన తేదీ ఒకటిగా ఉండేటట్లు చూసుకోవడం మేలు.

పద్దెనిమిది ఏళ్లు నిండినవారు, ఆధార్‌కు ఫోను నంబరు జతచేసి ఉంటే, ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైటులో ఉచితంగా ఇ-పాన్ పొందవచ్చు. ఈ సదుపాయం 2020లో ఏర్పడింది. మైనర్ల పక్షాన తల్లిదండ్రులు దరఖాస్తు చేయవచ్చు. ఒక వ్యక్తికి ఒకే పాన్ ఉండాలి. రెండు కలిగి ఉండడం నేరం, దానికి జరిమానా ఉంది. ఎవరికిపడితే వారికి పాన్ నకలు ఇవ్వరాదు. ఇవ్వవలసివస్తే, ఏ పనికోసం ఇస్తున్నదీ దానిపై రాసి సంతకం చేయాలి. ఇతరులు దానితో అప్పు తీసుకొంటే ఆ భారం మన పేరిట పడుతుంది.

సేవలు అందించేవారి రాబడి సంవత్సరానికి 20 లక్షలు దాటితే సాధారణంగా జి.ఎస్.టి. నమోదు కూడా అవసరం. 2017లో వచ్చిన ఈ పన్నుకు ఇచ్చే సంఖ్యలో పదిహేను స్థానాలు ఉంటాయి. మొదటి రెండు రాష్ట్ర సంకేతం, ఆంధ్రప్రదేశ్‌కు 37. తరువాతి పది పాన్ సంఖ్యే. అంటే పాన్ లేనిదే ఆ గుమ్మం కూడా దాటలేము.

భూమి నుండి నీటిని గ్రహించిన సూర్యుడు దానినే వర్షంగా తిరిగి కురిపించినట్లు, రాజు ప్రజల మేలు కోసమే పన్ను తీసుకోవాలని కాళిదాసు రఘువంశంలో భావించాడు. పాలకులు ఆ ధర్మాన్ని పాటిస్తున్నారా అని అడిగే హక్కు పౌరునికి ఉంది. తన లెక్కను తాను సక్రమంగా చూపినవాడే ఆ ప్రశ్నను తలెత్తి అడగగలడు. కనుక ప్రతి పనికీ బిల్లు రాయడం, ప్రతి ఖర్చుకూ రసీదు దాచడం, సొమ్మును బ్యాంకు ద్వారా పుచ్చుకోవడం మొదటి రోజు నుండే అలవరచుకోవాలి. నెలజీతం లేనివానికి క్రమశిక్షణే పెట్టుబడి.

అర్థాలు
శంకుస్థాపన = పునాది వేయడం
రుసుము = చేసిన పనికి చెల్లించే ధనం
మినహాయించు = తగ్గించి ఇచ్చు
వెసులుబాటు = సౌలభ్యం
నకలు = ప్రతి

ప్రశ్నలు
1. పాన్ తెలుపనందువల్ల యువ ఇంజనీరుకు కలిగే నష్టాన్ని ఉదాహరణతో వివరించండి. (వ్యాసరూపం)
2. పేర్లు రాసుకొనే పద్ధతి వల్ల తెలుగువారికి ఎదురయ్యే చిక్కు ఏమిటి? (సంగ్రహ సమాధానం)
3. పాన్‌లోని నాలుగవ అక్షరం దేనిని తెలుపుతుంది? (ఏకవాక్య సమాధానం)