స్పీకరు నుంచి సప్లై దాకా

బిచ్కుంద



ఆంప్లిఫయర్ బోర్డుకు ఎన్ని వోల్టులు ఇవ్వాలన్నది దాని మీద అచ్చయిన వాట్ల అంకెను బట్టి కాక, తగిలించబోయే స్పీకరు ఓములను బట్టి, ఊళ్లో కరెంటు హెచ్చుతగ్గులను బట్టి తేలవలసిన విషయం కనుక, లెక్క స్పీకరు దగ్గరే మొదలుకావాలి.

8 ఓముల స్పీకరుకు 100 వాట్లు కావాలనుకుంటే, వాట్లను ఓములతో హెచ్చవేసి రెట్టింపు చేయగా 1600 వస్తుంది. దాని వర్గమూలమైన 40 వోల్టులే శిఖర వోల్టేజి, అంటే ధ్వని సంకేతపు అల గ్రౌండ్ నుంచి ఎక్కే గరిష్ఠ ఎత్తు. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల వద్ద కొన్ని వోల్టులు ఖర్చవుతాయి కాబట్టి మరో 5 కలిపితే, గ్రౌండ్‌కు అటు ప్లస్ 45, ఇటు మైనస్ 45 వోల్టుల డ్యూయల్ సప్లై కావాలని తేలుతుంది. ఇదే సప్లైకి 4 ఓముల స్పీకరు తగిలిస్తే శిఖర కరెంటు 5 నుంచి 10 ఆంపియర్లకు పెరిగి ట్రాన్సిస్టర్లు వేడెక్కుతాయి. 4 ఓములకు 100 వాట్లే చాలనుకుంటే ప్లస్, మైనస్ 33 వోల్టులు సరిపోతాయి.

ఆ ప్లస్, మైనస్ 45 వోల్టుల కోసం సెంటర్ ట్యాప్ ఉన్న 32-0-32 ట్రాన్స్‌ఫార్మర్ తీసుకుంటే, 32ను 1.414తో హెచ్చవేసి, డయోడ్ దగ్గర పోయే సుమారు ఒక వోల్టు తీసేయగా 44 పైచిలుకు మిగులుతుంది. అయితే ఆ 32 నిండు లోడులో చెప్పిన విలువ. లోడు లేనప్పుడు అది 35 దాకా లేవవచ్చు. పొలాల్లో బోరు మోటార్లు నడుస్తున్నంతసేపు కుంగిన కరెంటు, అవి ఆగగానే మామూలు 230 వోల్టులు దాటి 250కి ఎక్కితే, ఆ 35 కాస్తా 38 అయి, డీసీ 52 వోల్టులు దాటుతుంది. అప్పుడు 50 వోల్టుల ఫిల్టర్ కెపాసిటర్ నిలవదు, 63 వోల్టులది వేయాలి. సిగ్నల్ లేనప్పుడే ప్లస్, మైనస్ 50 వోల్టులు హద్దుగా ఉన్న టీడీఏ 7294 ఆంప్లిఫయర్ ఐసీ కూడా ఆ సప్లై మీద బతకదు. దానికి 24-0-24 క్షేమం.

కనుక బోర్డు తగిలించకముందే, మోటార్లు ఆగిన వేళ సప్లైని ఒంటరిగా ఆన్ చేసి, గ్రౌండ్ నుంచి రెండు వైపులా మీటరుతో కొలిచి చూడాలి. బోర్డు, కెపాసిటర్ల హద్దులు ఆ అంకెను దాటి ఉంటేనే వైర్లు కలపాలి.

ఇట్లు,
శ్రేయోభిలాషి