పాత కారునకు నూతన గేరు బాక్సు

“కొత్త ఒక వింత, పాత ఒక రోత” అని సామెత. యంత్రముల విషయమున ఈ సామెత అన్నివేళల చెల్లదు. అమెరికా దేశమున 1950 ప్రాంతపు కార్లను ప్రాణపదముగా కాపాడుకొనువారు పలువురు కలరు. వారిలో కొందరు తమ పాత కారునకు ఆధునికమైన ఆటోమేటిక్ గేరు బాక్సును అమర్చుకొందురు. ఇది కేవలము విలాసము కాదు. వార్ధక్యము వలన గాని, మోకాలి నొప్పి వలన గాని క్లచ్చి తొక్కలేని మనుష్యునకు, ఈ మార్పుతో తన కారు మరల తన చేతికి వచ్చును. అయితే ఈ పని చూచుటకు సులభము, చేయుటకు కష్టము. ఎందువలన కష్టమో 1954 నాటి షెవ్రొలె కారును ఉదాహరణముగా గైకొని పరిశీలింతము.

ఆటోమేటిక్ గేరు బాక్సు నిన్న పుట్టినది కాదు. జనరల్ మోటార్స్ సంస్థ 1940 మోడలు ఓల్డ్స్‌మొబైల్ కార్లలో హైడ్రామాటిక్ అను దానిని ప్రవేశపెట్టెను. 1950లో షెవ్రొలె కార్లకు పవర్‌గ్లైడ్ వచ్చెను. అందులో గేర్లు రెండే. 1982 మోడలు కార్లతో వచ్చిన 700-ఆర్-4 అను గేరు బాక్సులో నాలుగు గేర్లు కలవు. వాటి నిష్పత్తులు వరుసగా 3.06, 1.63, 1.00, 0.70. పాత కార్లకు పలువురు ఎన్నుకొనునది దీనినే. దీని ప్రయోజనము చిన్న లెక్కతో తెలియును. మూడవ గేరులో నిమిషమునకు 3,000 సార్లు తిరుగు ఇంజను, అదే వేగమున నాలుగవ గేరులో 2,100 సార్లు తిరిగిన చాలును. ముసలి ఇంజనుకు ఇది గొప్ప విశ్రాంతి.

ఇందులో క్లచ్చికి బదులు టార్క్ కన్వర్టరు ఉండును. రెండు పంకాలను ఎదురెదురుగా నుంచి ఒకదానిని నడిపినచో, ఆ గాలికి రెండవది కూడ తిరుగును గదా! ఇచట గాలికి మారుగా నూనె ఆ పని చేయును. పాత ఇంజను వెనుక భాగమునకు ఈ గేరు బాక్సు నేరుగా అతుకదు. నడుమ ఒక అడాప్టరు పలక కావలెను. ఇంజను, గేరు బాక్సుల కేంద్రములు ఒకే రేఖపై నిలువవలెను. బోల్టులు బిగించుటకు ముందు, కన్వర్టరునకును దానిని మోయు పలుచని చక్రమునకును నడుమ సుమారు 1/8 నుండి 3/16 అంగుళము వరకు ఎడముండవలెను. ఎడము లేకుండ బలవంతముగా బిగించినచో నూనె పంపు చెడిపోవును.

ఇక అసలు చిక్కు వేరొకటి. ఆనాటి షెవ్రొలెలో వెనుక ఇరుసునకు శక్తిని కొనిపోవు షాఫ్టు ఒక గొట్టములో దాగియుండును. దీనికి టార్క్ ట్యూబు అని పేరు. చూచువారికి అది షాఫ్టును కప్పు తొడుగు మాత్రమే అనిపించును. నిజమునకు చక్రములు రోడ్డును తన్నినపుడు పుట్టు తోపుడు ఆ గొట్టము గుండానే ముందుకు వచ్చి కారును నడుపును. ఇరుసు మెలితిరుగకుండ పట్టియుంచునదియు అదియే. కొత్త గేరు బాక్సు ఈ గొట్టముతో కలియదు. కావున గొట్టమును తీసి, బహిరంగ షాఫ్టునకు తగిన ఇరుసును వేసి, ఆ రెండు బాధ్యతలను పట్టీ స్ప్రింగులు మోయునట్లు వాటి బిగింపులను మార్చవలెను. షెవ్రొలె సంస్థయే 1955 మోడలులో ఈ పద్ధతికి మారెను. గొట్టము చేయుచున్న పని తెలియక దానిని తొలగించినవాడు కారు వెన్నెముకను తొలగించినట్లే.

ఇట్టి గుప్త బంధములు మరికొన్ని కలవు. 700-ఆర్-4 నుండి కార్బొరేటరునకు ఒక తీగ పోవును. అది గేరు మార్చు సమయమును మాత్రమే నిర్ణయించునని పలువురు భ్రమపడుదురు. లోపలి నూనె ఒత్తిడియు దాని అధీనమే. తీగ అమరిక తప్పినచో ఒత్తిడి చాలక లోపలి క్లచ్చి బిళ్ళలు కాలిపోవును. టార్క్ కన్వర్టరులో నూనె కాగును గనుక దానిని చల్లార్చు కూలరు ఉండితీరవలెను. చేతి గేర్ల కారు రేడియేటరులో అది ఉండదు. కన్వర్టరును వేగమున బిగించియుంచు పరికరమునకు 12 వోల్టుల విద్యుత్తు కావలెను. 1954 కారులో ఉన్నది 6 వోల్టులే. కాబట్టి విద్యుత్ ఏర్పాటును కూడ మార్చుకొనవలెను.

భద్రత విషయమున ఉపేక్ష తగదు. పార్కు, న్యూట్రల్ స్థానములలో తప్ప ఇంజను స్టార్టు కాకుండ అడ్డుకొను స్విచ్చి తప్పక ఉండవలెను. అది లేనిచో, గేరులో ఉన్న కారు స్టార్టు చేసిన వెంటనే ముందుకు దూకి ఎదుటివారి ప్రాణము తీయవచ్చును. ఆటోమేటిక్ కారు, ఆక్సిలరేటరు తొక్కకున్నను గేరులో మెల్లగా పాకును. ఆ పాకుడును ఆపవలసినవి బ్రేకులే. కావున గేరు బాక్సుతోబాటు పాత డ్రమ్ము బ్రేకులను కూడ పరీక్షింపవలెను.

ఇంతకు ఇట్టి మార్పు చేయదగునా? లక్షలుగా తయారైన కారునకు, యజమాని అవసరమును బట్టి చేయవచ్చును. అరుదైన కారును ముట్టకుండుటయే మేలు. అది చరిత్రకు సాక్షి. చేసినను, సాధ్యమైనంతవరకు ఛాసిస్‌ను కోయక, తీసిన ప్రతి భాగమును భద్రపరచి, రేపటివాడు కోరినచో పూర్వరూపమునకు తెచ్చుటకు వీలు కల్పింపవలెను.

విద్యార్థి మిత్రులారా! పాతదానిలో ఒక భాగమును తీయుటకు రెంచి చాలును. అది ఇంతకాలము మౌనముగా ఏయే పనులు చేసినదో తెలిసికొనుటకు విద్య కావలెను. రెంచి పట్టుటకు ముందే ఆ ప్రశ్న వేసికొనువాడే నిజమైన ఇంజనీరు.