కర్నూలు డాక్టరు గారి సంగీత సౌరభం

పత్తికొండ ప్రాంతంలో కర్నూలు పెద్దాసుపత్రి మెట్లెక్కని ఇల్లు అరుదు. మా హాస్టలు పిల్లలం కూడా జ్వరమొచ్చో, చెయ్యి విరిగో అక్కడి వరండాల్లో కూర్చున్నవాళ్లమే. ఒకప్పుడు ఆ ఆసుపత్రికి సూపరింటెండెంటుగా పనిచేసిన డాక్టరు గారు కర్ణాటక సంగీతంలో దేశం మెచ్చిన విద్వాంసులని మాలో చాలామందికి తెలియదు. ఆయనే డాక్టర్ శ్రీపాద పినాకపాణి గారు.

పాణి గారు 1913 ఆగస్టు 3న శ్రీకాకుళం జిల్లా ప్రియాగ్రహారంలో జన్మించారు. మైసూరు విద్వాంసులు బి.ఎస్. లక్ష్మణరావు గారి వద్ద, వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వద్ద, మద్రాసులో రంగరామానుజ అయ్యంగారి వద్ద సంగీతం అభ్యసించారు. విశాఖపట్నంలో వైద్యం చదివి, తర్వాత కర్నూలు వైద్య కళాశాలలో ప్రొఫెసరు అయ్యారు. రష్యాలో బొరోదిన్ (1833-1887) కూడా ఇలాగే వైద్యం చదివి, రసాయన శాస్త్రం బోధిస్తూ సంగీతం కట్టాడు. ఆయన రాసిన సంగీత నాటకం 'ప్రిన్స్ ఇగోర్' పూర్తికాకుండానే కన్నుమూశాడు. పాణి గారికి మాత్రం నిండు ఆయుష్షు దొరికింది, దాన్ని రాతకు వాడుకున్నారు.

రాత ఎందుకంటారా? మన తాళ్లపాక అన్నమయ్యనే చూడండి. ఆయన కీర్తనలు వేలకొద్దీ రాగిరేకుల మీద దొరికాయి. పాట ఉంది, రాగం పేరు ఉంది, కానీ ఎలా పాడాలో చెప్పే స్వరాలు లేవు. అందుకే రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారి వంటి పెద్దలు, పాణి గారు, మళ్లీ కొత్తగా వరుసలు కట్టవలసి వచ్చింది.

పాణి గారు తాను నేర్చిన కృతులను స్వరపరచి 'సంగీత సౌరభం' పేరుతో నాలుగు సంపుటాలుగా రాశారు. తిరుమల తిరుపతి దేవస్థానం వాటిని ప్రచురించింది. స, రి, గ, మ అని అక్షరాలు వేస్తే చాలదు. మన సంగీతంలో స్వరం ఒక్కచోట నిలబడదు, ఊగుతుంది. ఆ ఊపునే గమకం అంటారు. దాన్ని కూడా కాగితం మీదికి తేవడమే ఆయన పడ్డ అసలు కష్టం. పుస్తకం ఒక్కటే చూసి పాడగలమా అంటే, మా వరకు సాధ్యం కాదు. గురువు నోట వినాల్సిందే. మరిచిపోయినవాడికి మాత్రం అది ప్రాణం.

నేదునూరి కృష్ణమూర్తి, నూకల చినసత్యనారాయణ, వోలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం గార్లు ఆయన శిష్యులే. 1983లో సంగీత కళానిధి, 1984లో పద్మభూషణ్ వచ్చాయి. ఉద్యోగ విరమణ తర్వాత కూడా కర్నూలులోనే ఉండి, 2013 మార్చి 11న అక్కడే కన్నుమూశారు. అప్పటికి నూరేళ్లకు ఇంకా కొన్ని నెలలే తక్కువ.

ఇదంతా చదివాక, మొన్న వేసవి సెలవుల్లో మాలో ఒకరి అవ్వ పాడే కోలాటం పాటకు స్వరాలు రాద్దామని కూర్చున్నాము. భజన గుడిలో హార్మోనియం వాయించే పెద్దాయన సాయం పట్టారు. రెండు చరణాలు కుదిరాయి. మూడో చరణం అవ్వ ప్రతిసారీ ఒక్కో తీరుగా పాడుతోంది. ఏది రాయాలో ఇంకా తేలలేదు.